రేడియో యాంటెన్నాలతో కాస్మిక్ కిరణాల షవర్లు పట్టడం: ఆర్‌టీఎల్ డాంగిల్‌తో మొదలుపెట్టొచ్చా?

#1 – అనంత_లూప్
అందరికీ నమస్కారం. హిందూపురం దగ్గర ఊరికి దూరంగా ఎకరంన్నర ఖాళీ జాగా ఉంది, ఏడాది పాటు వాడుకోవచ్చు. చేతిలో ఉన్నవి మూడు ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్స్ (యూఎస్‌బీకి తగిలించే చవక రేడియో రిసీవర్లు), ఒక డిస్కోన్ యాంటెన్నా, పాత ల్యాప్‌టాప్. 10¹⁷ ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన కాస్మిక్ కిరణం గాలిని ఢీకొని షవర్‌గా, అంటే కణాల జల్లుగా మారినప్పుడు రేడియో పల్స్ వస్తుందంటారు కదా, దాన్ని వీటితో పట్టగలమా? పట్టలేకపోతే ఏం కొనాలి, ఏ క్రమంలో? దూరంగా ఒక 11 కేవీ కరెంటు లైన్ వెళ్తుంది, అది కూడా చెప్పాలి.

#2 – జల్లు_లెక్కలు
డాంగిల్‌తో పల్స్ రాదు. ఎందుకో లెక్క చూడండి.

షవర్‌లోని ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు కాంతి వేగానికి అతి దగ్గరగా, కొన్ని మీటర్ల మందమున్న పలకలా కిందికి వస్తాయి. భూమి అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్లను ఒక పక్కకు, పాజిట్రాన్లను ఇంకో పక్కకు లాగుతుంది. ఆ అడ్డ కరెంటు పెరిగి తగ్గే క్రమంలో రేడియో పుడుతుంది. పలక మందం తరంగదైర్ఘ్యం కన్నా తక్కువైతేనే అన్ని కణాల సంకేతం ఒకే ఫేజ్‌లో కలుస్తుంది. అందుకే అందరూ 30–80 మెగాహెర్ట్జ్ దగ్గర వెతుకుతారు. దీనికి తోడు షవర్ దారిలో గాలి ఎలక్ట్రాన్లను పోగేసుకోవడం వల్ల వచ్చే రుణావేశపు మిగులు కూడా ఉంది. అస్కార్యన్ 1962లోనే చెప్పింది ఇదే. అర్జెంటీనాలో పియర్ ఓజే అబ్జర్వేటరీ వాళ్ల ఏరా యాంటెన్నాలు కొలిస్తే దాని వాటా సగటున 14 శాతం తేలింది.

పల్స్ నిడివి పది, ఇరవై నానోసెకన్లు. మీ డాంగిల్ బ్యాండ్‌విడ్త్ (ఒకేసారి వినే ఫ్రీక్వెన్సీల వెడల్పు) 2.4 మెగాహెర్ట్జ్. దాంట్లోంచి వెళ్లిన పల్స్ 400 నానోసెకన్ల మేర సాగిపోతుంది. పల్స్ శిఖరం బ్యాండ్‌విడ్త్‌తో పాటు పెరుగుతుంది, నాయిస్ దాని వర్గమూలంతోనే పెరుగుతుంది. 50 మెగాహెర్ట్జ్‌తో పోలిస్తే మీరు పవర్‌లో 21 రెట్లు, అంటే 13 డెసిబెళ్లు (డీబీ) వెనకబడతారు. యాంప్లిట్యూడ్‌లో అది 4.6 రెట్లు. యాంప్లిట్యూడ్ షవర్ శక్తికి అనులోమం కాబట్టి మీకు కనబడే కనీస శక్తి కూడా 4.6 రెట్లు పైకి జరుగుతుంది. శక్తి పెరిగేకొద్దీ కిరణాల సంఖ్య సుమారు దాని వర్గం చొప్పున పడిపోతుంది. అంటే నెలకు ఒకటి పడేది రెండేళ్లకు ఒకటి.

#3 – అనంత_లూప్
పక్కపక్క ఫ్రీక్వెన్సీల్లో పది డాంగిల్స్ పెట్టి కలిపేస్తే?

#4 – వర్షిణి_డీఎస్‌పీ
కలవవండి. క్లాక్ ఒకటే ఇచ్చినా ట్యూన్ చేసిన ప్రతిసారీ ఒక్కో ట్యూనర్ పీఎల్‌ఎల్ (ఫ్రీక్వెన్సీని పట్టి నిలిపే సర్క్యూట్) ఒక్కో ఫేజ్‌లో నిలబడుతుంది. ఫేజ్ తెలియకుండా పదింటిని కలిపితే పల్స్ రాదు, గుజ్జు వస్తుంది. పైగా డాంగిల్ కొలత 8 బిట్లే. ఆ డాంగిల్స్ పారేయకండి, సైట్ సర్వేకి బంగారంలా పనికొస్తాయి.

కొనదగ్గది నాలుగు ఇన్‌పుట్ల రెడ్ పిటాయా 125-14 బోర్డు: సెకనుకు 12.5 కోట్ల శాంపిళ్లు, 14 బిట్లు. ఇక్కడ మూడు మెలికలు ఉన్నాయి.

ఒకటి, నైక్విస్ట్ హద్దు, అంటే శాంపిళ్ల వేగంలో సగం, 62.5 మెగాహెర్ట్జ్. కాబట్టి 30–80 ఆశ వదులుకుని 30–60 తీసుకోండి. యాంప్లిట్యూడ్‌లో నష్టం నాలుగో వంతు లోపే. హద్దు దాటినదల్లా మడతపడి లోపలికి వస్తుంది: 95 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎం స్టేషన్ మీకు 30 దగ్గర, 88 దగ్గరున్నది 37 దగ్గర కనబడుతుంది. సరిగ్గా మీ బ్యాండ్‌లోకే! అందుకే 88 పైన 60 డీబీ అణచివేత ఉండాల్సిందే. యాంటెన్నా దగ్గర ఎఫ్‌ఎం ట్రాప్ (ఎఫ్‌ఎంను ఆపే ఫిల్టర్) ఒకటి, బోర్డు దగ్గర ఏడో ఆర్డర్ లోపాస్ ఫిల్టర్ ఒకటి పెట్టండి. ఒకే చోట మొత్తం సాధించాలని చూస్తే కాయిల్స్ సర్దలేక చస్తారు.

రెండు, బోర్డు ఇన్‌పుట్ 50 ఓమ్స్ కాదు, ఒక మెగాఓమ్. ఫీడ్‌త్రూ టర్మినేటర్ పెట్టకపోతే పల్స్ కేబుల్ చివర తగిలి వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుంది. 60 మీటర్ల ఆర్‌జీ-58లో రానూపోనూ 600 నానోసెకన్లు. ఆ ప్రతిధ్వనిని రెండో షవర్ అనుకునే ప్రమాదం ఉంది.

మూడు, గెయిన్. గెలాక్సీ నాయిస్ (ఆకాశం నుంచి ఎప్పుడూ వచ్చే రేడియో సొద) 30 మెగాహెర్ట్జ్ వెడల్పులో మైనస్ 84 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెళ్లు) దగ్గర వస్తుంది. అది ఏడీసీలో (సంకేతాన్ని అంకెలుగా మార్చే చిప్) పది కౌంట్ల ఆర్‌ఎంఎస్‌గా (సగటు ఊపుగా) కనబడాలంటే కేబుల్, ఫిల్టర్ నష్టాలు కలుపుకుని మొత్తం 45–50 డీబీ కావాలి. అంతకు మించి పెంచితే లాభం లేదు, లోకల్ ట్రాన్స్‌మిటర్ ఏదైనా లేచినప్పుడు క్లిప్ అవుతుంది.

బోర్డు లోపలి బఫర్ ఛానల్‌కి 16,384 శాంపిళ్లు, 131 మైక్రోసెకన్లు. ట్రిగ్గర్ (రికార్డు చేయమనే సంకేతం) ముందూ వెనకా దాచుకోవడానికి అది చాలా ఎక్కువే.

#5 – పాత_హ్యామ్
వర్షిణి గారూ, ట్రాప్‌ని ఎల్‌ఎన్‌ఏ (యాంటెన్నా సంకేతాన్ని పెంచే తక్కువ నాయిస్ యాంప్లిఫయర్) ముందు పెట్టమంటున్నారా, వెనకా? ముందు పెడితే నాయిస్ ఫిగర్ (రిసీవర్ తనవైపు నుంచి కలిపే నాయిస్ కొలత) పాడవుతుందని హ్యామ్‌లు (అమెచ్యూర్ రేడియో వాళ్లు) వెనకే పెడతారు.

#6 – వర్షిణి_డీఎస్‌పీ
ముందే. వీహెచ్‌ఎఫ్ డీఎక్స్‌లో (దూరపు స్టేషన్లు పట్టడంలో) మీరన్నది నిజమే, ఇక్కడ లెక్క వేరు. 45 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశమే వేల కెల్విన్లు ఉంటుంది. ఒక డీబీ నష్టం వల్ల కలిసేది 80 కెల్విన్ల లోపు, అది లెక్కలోకే రాదు. ఎఫ్‌ఎం దెబ్బకి ఎల్‌ఎన్‌ఏ ఇంటర్‌మాడ్యులేషన్‌లోకి పోతే (బలమైన సంకేతాలు కలిసి దొంగ సంకేతాలు పుడితే) మాత్రం వెనక ఏ ఫిల్టరూ కాపాడదు. నాయిస్ ఫిగర్ ఒక డీబీయా రెండా అని తర్జనభర్జన పడకండి. ఓఐపీ3 (బలమైన సంకేతాలను తట్టుకునే కొలత) 30 డీబీఎం పైనుందా అన్నది చూడండి.

#7 – జల్లు_లెక్కలు
యాంటెన్నా కన్నా ముందు ట్రిగ్గర్ సంగతి తేల్చుకోవాలి. చాలామంది బోల్తా పడేది అక్కడే.

ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలు (కణం తగిలితే వెలుగు చిమ్మేవి) నాలుగు, ఒక్కోటి 50 సెంటీమీటర్ల చదరం, ఆ వెలుగును పట్టడానికి సైపీఎం గానీ ఫొటోమల్టిప్లయర్ గానీ. వీటిని 40 మీటర్ల చతురస్రం మూలల్లో పెట్టండి. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒక మ్యూయాన్ (షవర్ల నుంచి నేల దాకా వచ్చే కణం) అనుకుంటే పలకకు సెకనుకు 42 దెబ్బలు. ఒక మైక్రోసెకను కిటికీలో రెండు పలకలు యాదృచ్ఛికంగా కలవడం గంటకు పన్నెండు సార్లు జరుగుతుంది. మూడు కలవడం యాభై రోజులకు ఒకసారి. నాలుగు యాదృచ్ఛికంగా కలవడం మీ జీవితకాలంలో జరగదు. కాబట్టి నాలుగూ మోగితే అది షవరే.

కానీ ఆ షవర్లలో దాదాపు అన్నీ 10¹⁵ చుట్టుపక్కలవి, గంటకు కొన్ని వస్తాయి. వాటి రేడియో గెలాక్సీ నాయిస్ కింద మునిగిపోతుంది. 10¹⁷ షవర్ అయితే కేంద్రానికి వంద మీటర్ల దూరంలో కూడా ఒక్కో పలక మీద ఒక మ్యూయాన్ కాదు, అనేక కణాలు పడతాయి. అందుకే ప్రతి ట్రిగ్గర్‌తో పాటు నాలుగు పలకల పల్స్ ఎత్తులు కూడా రాసుకోండి. నాలుగింటిలోనూ ఐదు మ్యూయాన్ల ఎత్తు దాటినవాటినే రేడియోలో వెతకండి.

గైగర్ ట్యూబులు వద్దు. వాటి జిట్టర్ (సమయంలో తడబాటు), డెడ్‌టైమ్ (ఒక దెబ్బ తర్వాత పనిచేయని విరామం) రెండూ ఈ పనికి నప్పవు.

సంఖ్యల మీద ఆశ కూడా ముందే సర్దుకోండి. 10¹⁷ దాటినవి చదరపు కిలోమీటరుకు ఏడాదికి వెయ్యి, ఆ పైన. మీ యాంటెన్నాల చుట్టూ వంద మీటర్ల వ్యాసార్థం తీసుకుంటే 0.03 చదరపు కిలోమీటర్లు. అంటే తక్కువలో తక్కువ ఏడాదికి ముప్పై, నలభై. అందులో రేడియోలో శుభ్రంగా కనబడేవి కొన్నే.

#8 – నైక్విస్ట్_నాని
సింటిలేటర్ల ఖర్చు ఎందుకు అన్నా? రేడియోతోనే సెల్ఫ్ ట్రిగ్గర్ చేస్తే పోలా? కాలిఫోర్నియాలో ఓవెన్స్ వ్యాలీ యాంటెన్నా శ్రేణి వాళ్లు కణాల డిటెక్టర్ లేకుండానే షవర్లు పట్టారుగా.

#9 – డచ్_తెలుగు
పట్టారు, ఎందుకంటే వాళ్లకి వందల డైపోల్స్ ఉన్నాయి. పల్స్ ఏ దిక్కు నుంచి వచ్చింది, నేల మీద ఎలా పరుచుకుంది అన్నది చూసి, క్షితిజం దగ్గర్నుంచి వచ్చిన చెత్తనంతా ఏరేయగలరు. నాలుగు యాంటెన్నాలతో ఆ సౌఖ్యం లేదు. ఇక్కడ నెదర్లాండ్స్‌లో లోఫార్ రేడియో టెలిస్కోప్ అంత పెద్దది, అది కూడా షవర్ల కోసం మధ్యలో లోరా అని మొదట 20 సింటిలేటర్లు పెట్టుకుంది. అవి మోగితే యాంటెన్నాల బఫర్లు ఆగి డేటా బయటికొస్తుంది. 2005లో ఈ రంగాన్ని మళ్లీ బతికించిన జర్మనీ లోపెస్ యాంటెన్నాల ప్రయోగం కూడా కాస్కేడ్ కణ డిటెక్టర్ల ట్రిగ్గర్ మీదే నడిచింది. 1965లో జోడ్రెల్ బ్యాంక్‌లో జెల్లీ బృందం 44 మెగాహెర్ట్జ్ దగ్గర మొట్టమొదటిసారి పల్స్‌లు చూసినప్పుడూ గైగర్ కౌంటర్లే ఎప్పుడు చూడాలో చెప్పాయి.

నాని గారి ఆలోచన తీసిపారేయను. రెండో ఏడాది, డేటా చేతిలో ఉన్నాక ప్రయత్నించండి. మొదటి రోజే సెల్ఫ్ ట్రిగ్గర్ పెడితే సెకనుకు వందల పల్స్‌లు వస్తాయి, అన్నీ కరెంటు తీగలవే.

#10 – పాత_హ్యామ్
ఆ 11 కేవీ లైన్ మాట నేను చెప్తా.

పింగాణీ ఇన్సులేటర్ పగిలినా, జంపర్ వదులైనా ఏసీ వోల్టేజ్ శిఖరానికి వచ్చిన ప్రతిసారీ నిప్పురవ్వ పుడుతుంది. మన 50 హెర్ట్జ్‌లో అది 10 మిల్లీసెకన్లకు ఒకసారి. ఆ నిప్పురవ్వ కూడా నానోసెకన్ల పల్సే, 30–80లో నిండుగా ఉంటుంది, చూడ్డానికి షవర్ తమ్ముడిలా ఉంటుంది. గుర్తుపట్టడానికి దారి దాని కాలక్రమమే. పల్స్ వచ్చిన సమయాలను 20 మిల్లీసెకన్లతో భాగించి శేషాల హిస్టోగ్రామ్ గీయండి. ఒకటి రెండు చోట్ల గుట్ట పడితే కరెంటు లైన్, ఆ శేషం దగ్గర వచ్చినవాటిని కొట్టేయండి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 మీద నిలబడదు, అటూ ఇటూ ఊగుతుంటుంది. అందుకని గంటల డేటా ఒకేసారి మడతపెట్టకుండా కొన్ని సెకన్ల ముక్కలుగా చూడాలి.

సర్వే ఇలా చేయండి. డాంగిల్ ట్యూనర్ 24 మెగాహెర్ట్జ్ నుంచి పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడపండి, ఛార్జర్‌లోని ఎస్‌ఎంపీఎసే (స్విచింగ్ పవర్ సప్లై) పెద్ద దొంగ. 30 నుంచి 60 దాకా రెండేసి మెగాహెర్ట్జ్ చొప్పున పట్టి, పగలు ఒకసారి, వ్యవసాయ మోటార్లకు త్రీఫేజ్ ఇచ్చే వేళ ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి రాసుకోండి. మోటారు స్టార్టర్లు, వీధి ఎల్‌ఈడీ డ్రైవర్లు, అడవిపందుల కోసం పొలాల చుట్టూ కట్టే సోలార్ కంచెలు, ఇవే మన దగ్గర అసలు శత్రువులు. కంచె ఒకటో రెండో సెకన్లకోసారి టిక్కుమంటుంది, లైన్‌లా కాదు. బైకుల ఇగ్నిషన్ పరవాలేదు, వెళ్లిపోతుంది.

ఒక ఊరట: దూరదర్శన్ పాత అనలాగ్ బ్యాండ్ 1, అంటే 47–68 మెగాహెర్ట్జ్, ఇప్పుడు చాలావరకు ఖాళీ. హిందూపురం అవతలే గౌరీబిదనూరులో దశాబ్దాలుగా ఇదే ఫ్రీక్వెన్సీ ప్రాంతంలో సూర్యుణ్ణి చూసే రేడియో శ్రేణి నడుస్తోంది. ఆ చుట్టుపక్కల ఈ పని అసాధ్యమేమీ కాదు.

#11 – అనంత_లూప్
పాత హ్యామ్ గారూ, ధన్యవాదాలు. యాంటెన్నా ఏది చేయాలి? డిస్కోన్ పెట్టొచ్చా? ఛానల్స్ నాలుగే కాబట్టి ఒక్కో యాంటెన్నాకు ఒకే పోలరైజేషన్ (రేడియో తరంగం ఊగే దిశ) వస్తుంది, దాన్ని ఎటు తిప్పాలి?

#12 – జల్లు_లెక్కలు
డిస్కోన్ వద్దు. అది నిలువు పోలరైజేషన్, క్షితిజం వైపు చూస్తుంది. అంటే షవర్లకు చెవుడు, కంచెలకు చెవి. మీకు పైకి చూసే అడ్డ డైపోల్ కావాలి. లోఫార్ తరహా తలకిందుల వీ చాలు: నడుమ 1.7 మీటర్ల గుంజ, చెరో పక్కకు 45 డిగ్రీల వాలులో రాగి తీగ. వాళ్ల తీగ 1.38 మీటర్లు, ప్రతిధ్వని 58 దగ్గర. మీ 30–60కి 1.6 మీటర్లు చేయండి. కింద మూడు మీటర్ల చదరపు వెల్డ్‌మెష్ పరవండి, నేల తడిసినప్పుడూ ఎండినప్పుడూ గెయిన్ మారకుండా అదే ఆపుతుంది. బ్యాలన్ (డైపోల్‌ను కేబుల్‌కు కలిపే ట్రాన్స్‌ఫార్మర్), ఎల్‌ఎన్‌ఏ గుంజ తల మీదే, వాన నీరు చొరబడని పెట్టెలో.

తూర్పు–పడమరగా పెట్టండి. కారణం మన అక్షాంశం. హిందూపురం ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 42 మైక్రోటెస్లా, ఉత్తరానికి దాదాపు అడ్డంగా ఉండి పదిహేను డిగ్రీల లోపే కిందికి వంగుతుంది. నెత్తి మీంచి దిగే షవర్‌కు అడ్డంగా పడే క్షేత్రం 40 దాకా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో మొత్తం 49 ఉన్నా అది నిట్టనిలువుకు దగ్గర కాబట్టి నిలువు షవర్‌కు అందేది 19. అర్జెంటీనాలో మొత్తమే 24. అదే శక్తి ఉన్న నిలువు షవర్ మన దగ్గర రెండింతల పల్స్ ఇస్తుంది, అదీ తూర్పు–పడమర దిశలో.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. 45 డిగ్రీల వాలులో ఉత్తరం నుంచి వచ్చే షవర్‌కు క్షేత్రంతో కోణం సైన్ 0.87, దక్షిణం నుంచి వచ్చేదానికి 0.5. మీ ఈవెంట్లు నిజమైనవైతే ఉత్తరం వైపు ఎక్కువ రావాలి. కరెంటు లైన్‌కు ఈ నియమం తెలియదు.

#13 – డచ్_తెలుగు
పై లెక్కతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం. నాలుగు యాంటెన్నాలూ ఒకే దిశలో పెడితే పోలరైజేషన్ రుజువు పోతుంది. రెండు చోట్ల జంటలుగా, ఒక తూర్పు–పడమర, ఒక ఉత్తర–దక్షిణ పెడితే నిలువు షవర్‌లో మొదటిది బలంగా, రెండోది బలహీనంగా కనబడి నమ్మకం కలుగుతుంది.

#14 – జల్లు_లెక్కలు
నమ్మకం కలుగుతుంది, దిశ పోతుంది. రెండు చోట్లతో దిశ కట్టలేరు, కనీసం మూడు కావాలి. నా ఓటు మూడు తూర్పు–పడమర, నాలుగోది వాటిలో ఒకదాని గుంజ మీదే ఉత్తర–దక్షిణ. నాలుగో మూల వదిలేయండి.

#15 – డచ్_తెలుగు
అది సబబు.

#16 – వర్షిణి_డీఎస్‌పీ
టైమింగ్. అన్నీ ఒకే బోర్డులోకి వస్తున్నాయి కాబట్టి జీపీఎస్ తలనొప్పి లేదు, కేబుల్ ఆలస్యాలు తెలిస్తే చాలు. ఆర్‌జీ-58లో మీటరుకు 5 నానోసెకన్లు. 40 మీటర్ల దూరానికి ఒక నానోసెకను తప్పు అంటే దిశలో అర డిగ్రీ లోపు తేడా. అన్ని కేబుళ్లూ ఒకే రోల్‌లోంచి ఒకే పొడవు కోసి, జానెడు లోతున పాతేయండి. ఎండకు సాగినా అన్నీ ఒకేలా సాగుతాయి, తేడా రాదు.

సరిచూడటానికి పీజో గ్యాస్ లైటర్ చాలు. మూడు యాంటెన్నాలకూ సమాన దూరంలో నిలబడి నొక్కండి, నాలుగు ఛానల్స్‌లోనూ పదునైన పల్స్ పడుతుంది. ఒకే చోట కాకుండా టేపుతో కొలిచిన ఐదారు చోట్ల నుంచి నొక్కి, వచ్చిన తేడాలను దూరాల లెక్కతో పోల్చండి. ఏదైనా ఛానల్ అన్నిచోట్లా ఒకే మొత్తం తప్పుతుంటే అది ఆ ఛానల్ స్థిరాంకం. లైటర్‌ని యాంటెన్నాకు ఐదు మీటర్ల లోపు తేవద్దు, ఎల్‌ఎన్‌ఏ సాచురేట్ అవుతుంది. ఉత్తర–దక్షిణ డైపోల్‌కు లైటర్ తీగను అదే దిశలో పట్టుకోవాలి, లేకపోతే ఏమీ రాక ఛానల్ చచ్చిందనుకుంటారు.

#17 – అనంత_లూప్
సెటప్ మొత్తం సరిగా వింటోందని ఎలా తెలుస్తుంది? షవర్ కోసం నెల రోజులు ఎదురుచూసే లోపల ఏదైనా పరీక్ష?

#18 – పాత_హ్యామ్
గెలాక్సీయే పరీక్ష. యాంటెన్నా పీకి 50 ఓమ్స్ డమ్మీ పెట్టి నాయిస్ చూడండి, మళ్లీ యాంటెన్నా పెట్టండి. కనీసం 6 డీబీ లేవాలి. లేవకపోతే నష్టం ఎక్కడో ఉంది, ముందు బ్యాలన్‌ను అనుమానించండి.

తర్వాత శుభ్రమైన ఒక మెగాహెర్ట్జ్ ముక్క ఎంచుకుని రోజంతా పవర్ గీయండి. మీ అక్షాంశంలో గెలాక్సీ కేంద్రం దక్షిణాన 47 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, యూరప్ వాళ్లకు ఈ భాగ్యం లేదు. జూన్ మధ్యలో రాత్రి పన్నెండు దాటాక ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా గుట్ట కనబడాలి. అది రోజుకు నాలుగు నిమిషాలు, నెలకు రెండు గంటలు ముందు వేళకు జరగాలి. జరిగితే ఆకాశం. రోజూ అదే గడియారం టైముకి వస్తే ఎవరిదో మోటారు.

#19 – డచ్_తెలుగు
ఆ గుట్టనే యాంప్లిట్యూడ్ కాలిబ్రేషన్‌కు కూడా వాడండి. ఆకాశపు ఉష్ణోగ్రత మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. రిఫరెన్స్ ట్రాన్స్‌మిటర్ మీద గుడ్డి నమ్మకం వద్దు. లోపెస్ వాళ్ల రిఫరెన్స్ సోర్స్‌కి ఇచ్చిన విలువలు నేల ప్రతిఫలనం కలిసినవని, ఖాళీ ప్రదేశానివి కావని తేలాక వాళ్ల యాంప్లిట్యూడ్‌లన్నీ 2.6 రెట్లు తగ్గించాల్సి వచ్చింది. అప్పటిదాకా సిమ్యులేషన్‌తో ఎందుకు కలవట్లేదా అని చూసిన తేడా ఒక్కసారిగా సర్దుకుంది. ఇంకో మాట: మీరు సొంతంగా బీకన్ ట్రాన్స్‌మిటర్ పెట్టాలంటే డబ్ల్యూపీసీ (కేంద్ర వైర్‌లెస్ విభాగం) లైసెన్స్ కావాలి.

#20 – నైక్విస్ట్_నాని
షవర్ గరిష్ఠానికి చేరే లోతు, అదే ఎక్స్‌మ్యాక్స్, కూడా కట్టొచ్చా? వచ్చిన కిరణం ప్రోటానా ఇనుమా అని తేలుతుంది కదా.

#21 – జల్లు_లెక్కలు
నాలుగు ఛానల్స్‌తో కాదు తమ్ముడూ. లోఫార్‌లో ఒక్కో షవర్‌కు వందల యాంటెన్నాలు నేల మీది నమూనాను కొలుస్తాయి. దాన్ని ఒక్కో ఈవెంట్‌కు డజన్ల కొద్దీ కోరియాస్ (షవర్ రేడియో పల్స్‌ను లెక్కకట్టే ప్రోగ్రామ్) సిమ్యులేషన్లతో పోల్చి చదరపు సెంటీమీటరుకు 20 గ్రాముల లోపు ఖచ్చితత్వం తెచ్చారు. మీకు దిశ, ఉజ్జాయింపు శక్తి చాలు. కోరియాస్ మాత్రం నేర్చుకోండి. మీ యాంటెన్నాల స్థానాలు, మీ అయస్కాంత క్షేత్రం ఇచ్చి పది షవర్లు నడిపితే ఏ దూరంలో ఎంత పల్స్ రావాలో ముందే తెలుస్తుంది.

#22 – అనంత_లూప్
చివరిగా ఒకటి. ఒక ఈవెంట్ దొరికిందనుకుందాం. నిజమైనదని ఏ వరసలో తేల్చాలి?

#23 – జల్లు_లెక్కలు
ముందు సింటిలేటర్ల టైములతో దిశ కట్టండి, రేడియో చూడకుండా. ఆ దిశ ప్రకారం మూడు యాంటెన్నాల్లో పల్స్ ఎప్పుడు రావాలో లెక్కేసి, ఆ చోటుకు అటూ ఇటూ 50 నానోసెకన్లలోనే వెతకండి. బఫర్ మొత్తం 131 మైక్రోసెకన్లు వెతికితే ఏదో ఒక నాయిస్ శిఖరం ఎప్పుడూ దొరుకుతుంది, మనసు దాన్నే షవర్ అంటుంది. మూడింటిలోనూ నాయిస్ ఆర్‌ఎంఎస్‌కు ఐదు రెట్లు దాటాలి. రేడియో దిశ, సింటిలేటర్ దిశ మూడు నాలుగు డిగ్రీల్లో కలవాలి. ఉత్తర–దక్షిణ ఛానల్ లెక్క ప్రకారం బలహీనంగా ఉండాలి. క్షితిజానికి దగ్గరగా వచ్చిన దిశైతే పక్కన పెట్టండి.

వెతుకులాట కోడ్‌ను పల్స్ లేదని తెలిసిన కిటికీలో, అంటే ట్రిగ్గర్‌కు 50 మైక్రోసెకన్ల ముందు భాగంలో కూడా అలాగే నడపండి. అక్కడ ఎన్ని దొరికితే అన్ని మీ అబద్ధపు ఈవెంట్లు.

#24 – వర్షిణి_డీఎస్‌పీ
ఉరుముల రోజులు కూడా కలపండి. మేఘంలోని విద్యుత్ క్షేత్రం షవర్ ఎలక్ట్రాన్లను తోసి పల్స్ బలాన్నీ పోలరైజేషన్‌నూ మార్చేస్తుంది, లోఫార్‌లో అది స్పష్టంగా చూశారు. ఏప్రిల్, మే సాయంత్రాలు, మళ్లీ అక్టోబరు మీకు అవే. ఫీల్డ్ మిల్ (గాలిలోని విద్యుత్ క్షేత్రాన్ని కొలిచేది) పెట్టగలిగితే మీటరుకు వోల్టుల్లో రీడింగ్ ప్రతి ఈవెంట్ పక్కన రాయండి. లేకపోతే మెరుపు హెచ్చరిక ఉన్న గంటలన్నీ వేరే ఫోల్డర్‌లో పెట్టండి, తీసేయొద్దు. ప్రతి ఎల్‌ఎన్‌ఏ దగ్గర గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ (మెరుపు పోటును నేలకు మళ్లించేది), కేబుల్ గదిలోకి వచ్చే చోట ఇంకోటి, రెండూ ఒకే ఎర్త్‌కు. ముడి వేవ్‌ఫార్మ్‌లన్నీ దాచండి: నాలుగు ఛానల్స్, రెండేసి బైట్లు, ఈవెంట్‌కు 131 కిలోబైట్లు. గంటకు ఐదు ట్రిగ్గర్లు వచ్చినా ఏడాదికి 6 గిగాబైట్లే.